ఒరిగిన బండిలో చేపలు

జనవరి మొదటి ఆదివారం నాడు డెల్బర్ట్ ఇవర్సన్ న్యూ మెక్సికో రాష్ట్రంలో ఒక పెట్రోలు బంకుకు అరమైలు ఇవతల తన ఇంటి బయట తానే చిక్కుకుపోయాడు. ఇల్లూ బండీ ఒకటే కాబట్టి రెండింటి బయటా చిక్కుకున్నట్టే. ఇంజను నడుస్తోంది. తాళంచెవి దానికే ఉంది. వాన లేకపోయినా అద్దం మీద వైపర్లు తిరుగుతున్నాయి. ఆయన కాళ్ళకు గొర్రెతోలు స్లిప్పర్లు ఉన్నాయి. తలుపు వైపు కాసేపు చూసి, రోడ్డు వైపు కాసేపు చూసి, బంకు కేసి నడక మొదలుపెట్టాడు. రోడ్డు దాటేముందు అటూ ఇటూ చూశాడు. కనుచూపు మేరలో ఏ బండీ లేదు. అయినా చూశాడు. ముప్పై నాలుగేళ్ళు బడిపిల్లల బస్సు నడిపిన మనిషి.

బంకులో కాఫీ తాగాడు. తాళం పడిందని చెప్పాడు. చెడిపోయిన బండ్లు లాక్కెళ్ళే మనిషి ఒకడు అక్కడే రొట్టె తింటున్నాడు. సన్నటివాడు. డెల్బర్ట్‌ను తన లారీలో ఎక్కించుకుని వెనక్కి తీసుకొచ్చి, వంటింటి కిటికీలోంచి లోపలికి దూరి, తలుపు తీశాడు. అప్పుడు అడిగాడట, బంకు అక్కడుండగా ఇక్కడెందుకు దిగావని.

"ఫ్రిజ్ మంట ఆర్పడానికి. మంటతో పంపు దగ్గరికి వెళ్ళకూడదు."

"అది నాకూ తెలుసు పెద్దాయనా. లోపల మీట లేదా?"

"ఉంది."

"మరి దిగడం దేనికి?"

"ఆవిడ దిగేది."

"ఆవిడ ఎక్కడా?"

"సెప్టెంబరులో పోయింది."

ఆ మనిషి వెళ్ళేముందు లోపలికి చెయ్యి పెట్టి వైపర్లు కట్టేసి వెళ్ళాడు.

ఈ సంగతి డెల్బర్ట్ మాకు మూడు వాక్యాల్లో చెప్పాడు. మిగతాది మేం అడిగి అడిగి రాబట్టుకున్నాం. ఉత్తరాది మంచు తప్పించుకుని బండి ఇళ్ళతో వచ్చి దిగే మా ఎడారి మకాంలో చలికాలం నాలుగు నెలలూ మాకు వేరే పని లేదు.

డెల్బర్ట్‌ది మినెసోటా ఉత్తరాన ఒక చిన్న ఊరు. భార్య ఆర్లిస్ అదే బడిలో వంట చేసేది. ఉద్యోగాలు మానుకున్నాక ఎవరో వాడి వదిలేసిన ఈ బండిని కొనుక్కుని ఇరవై రెండు చలికాలాలు మా దగ్గరికి వచ్చారు. పని విభజన మొదటి ఏడే తేలిపోయింది. స్టీరింగు ముందు కూర్చునే పని డెల్బర్ట్‌ది. కిందికి దిగే పనులన్నీ ఆర్లిస్‌వి. నీళ్ళ గొట్టం, మురుగు గొట్టం, గ్యాసు, చక్రాల కింద చెక్కలు, బండి ఎదుట నిలబడి రా రా అని చేతులూపడం, చాలు అని అరచెయ్యి చూపడం. ఆ అరచెయ్యి చూస్తే డెల్బర్ట్ బ్రేకు తొక్కేవాడు. ఆవిడ గొంతు మేమెవ్వరం పెద్దగా విన్నది లేదు. అరచెయ్యి మాత్రం అందరికీ గుర్తుంది.

వాళ్ళ ఫ్రిజ్ పాతది, నిప్పుతో చల్లబడే రకం. కింద బొటనవేలంత మంట. ఆ వేడికి వెనక గొట్టాల్లో ద్రవం మరిగి పైకెక్కి, అక్కడ చల్లబడి, తన బరువుకు తానే మెల్లగా కిందికి జారాలి. తిప్పేందుకు మోటారు ఉండదు. దారిలో బండి ఊగుతూ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఆగిన చోట మాత్రం సమంగా నిలవాలి. ఒరిగిందా, ద్రవం ఏదో మలుపులో ఆగిపోతుంది. మంట వెలుగుతూనే ఉంటుంది. చలి రాదు. చాలా రోజులు అలాగే వదిలేస్తే ఫ్రిజ్‌కు ఆయువు మూడుతుంది.

ఇవన్నీ ఆర్లిస్ ఒక అట్టముక్క మీద రాసి వంటింటి అలమర తలుపుకు లోపలి వైపు అంటించింది. పంపు దగ్గరికి మంటతో వెళ్ళకు. ఆగితే సమం చెయ్యి. గ్యాసు వాసన వస్తే ముందు మనుషులు బయటికి, ఆ తర్వాతే సిలిండరు కట్టేయడం. వెలిగించేముందు గూడు చూడు. గూడంటే కందిరీగది. మా ఎడారి కందిరీగలకు ఆ గ్యాసు వాసనంటే ఎందుకో మోజు, మంట గొట్టంలోకి దూరి మట్టితో ఇల్లు కట్టేస్తాయి. ఆ అట్టముక్క ఆర్లిస్ తన కోసమే రాసుకుంది. డెల్బర్ట్ దాన్ని మొదటిసారి చదివింది అక్టోబరులో.

ఇక చేపల సంగతి. వేసవిలో ఆర్లిస్ తమ ఊరి చెరువులో వాలాయ్ అనే మంచినీటి చేపలు పట్టి, ముళ్ళు తీసి, ముక్కలు ఖాళీ పాల అట్టడబ్బాల్లో వేసి, నీళ్ళు నింపి గడ్డ కట్టించేది. మా ఉత్తరాది వాళ్ళ పద్ధతి అది. ఒక్కో డబ్బా ఒక్కో మంచు ఇటుక. పన్నెండు ఇటుకలు గ్యాసు మంట మీద చల్లగా పదిహేడు వందల మైళ్ళు ప్రయాణం చేసి వచ్చేవి. జనవరి రెండో శనివారం మకాం మొత్తానికీ వేయించి పెట్టేది. ఇక్కడి దుకాణంలోనూ చేప దొరుకుతుంది. దాన్ని మేం చేప అనం.

ఈసారి వచ్చిన పన్నెండు డబ్బాలూ ఆవిడ జూలైలో పట్టినవి. డబ్బాల మీద తేదీలు ఆవిడ చేతిరాతే. ఇంక వేరేవి ఉండవు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. డెల్బర్ట్‌కూ తెలుసు. శనివారం దాకా వాటిని గడ్డగా ఉంచడం తప్ప ఆ మనిషి ఇంకే పనీ పెట్టుకోలేదు. దారి పొడుగునా ప్రతి బంకుకు ముందు ఆగి, దిగి, సిలిండరు కట్టేసి, ఫ్రిజ్ వెనక రేకు మీద చెయ్యి పెట్టి వేడి తగ్గేదాకా నిలబడి, అప్పుడు పంపు దగ్గరికి వెళ్ళాడట. పోయించుకున్నాక అరమైలు అవతల మళ్ళీ ఆగి వెలిగించేవాడు. అంతంత సేపు దిగి నిలబడక్కర్లేదని ఎవరైనా చెప్పొచ్చు. తాళం పడ్డ రోజు ఆ సన్నటివాడు చెప్పాడు కూడా.

సోమవారం మధ్యాహ్నం మకాంకు చేరాడు. మా వరసలో వాళ్ళ చోటు చివరిది. కొండల వెనక పొద్దు వాలడం అక్కడినుంచి అడ్డం లేకుండా కనబడుతుంది, అందుకని ఆర్లిస్‌కు ఇష్టం. నేల మాత్రం ఒక పక్కకు జారు. దానికని ఆవిడ చెక్కలు సిద్ధం చేసి పెట్టుకుంది. మూడు లావు చెక్కలు, వాటి మీద నారింజ రంగు గోళ్ళరంగుతో 'కుడి'. ఒక పల్చటి చెక్క, దాని మీద 'ఎడమ'. అలమరలోంచి ఒక రసమట్టం తీసి, ఫ్రిజ్ లోపల పెట్టి, బుడగ మధ్యకు వచ్చిందో లేదో చూసుకునేది. ఆ రసమట్టం ఆవిడ చలికోటు జేబులో ఉండిపోయింది. కోటును ఆవిడ చెల్లెలు చర్చిలో పాతబట్టల అమ్మకానికి ఇచ్చేసింది.

డెల్బర్ట్ చెక్కల మీద రాసింది చదివాడు. 'కుడి' చెక్కలు కుడి చక్రాల ముందు పరిచాడు. 'ఎడమ' చెక్క ఎడమ చక్రాల ముందు పెట్టాడు. బండెక్కి ముందుకు నడిపాడు. ఎదుట అరచెయ్యి చూపేవాళ్ళు లేరు. చెక్కలు కనబడకుండా పోయాక తనంతట తానే ఆగాడు.

బండి ఎడమ వైపుకు ఒరిగి నిలబడింది. కొద్దిగా కాదు. వంట గిన్నె సింకులో పెడితే ఒక పక్కనే నీళ్ళు నిలుస్తాయే, అంత.

మేమందరం చూశాం. ఇక్కడ మా పరువు సంగతి చెప్పకుండా దాటేస్తే బాగోదు. మా మకాంలో ఒక పద్ధతి ఉంది. తోటివాడు అడిగితే తప్ప బండి ఎలా నిలపాలో చెప్పకూడదు. మగవాళ్ళకైతే అడిగినా చెప్పకూడదు. దానికి తోడు ఆయన భార్య పోయి నాలుగు నెలలు. దుఃఖంలో ఉన్న మనిషి ఇల్లు కాస్త ఒరిగి ఉంటే అది దుఃఖమే అనుకున్నాం. సాయంత్రం నాలుగింటికి కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు ఆ వైపు చూడకుండా మాట్లాడుకున్నాం. చూడకుండా ఉండడానికి మెడలు నొప్పి పుట్టాయి. మాలో వెండెల్ అయితే, పాపం లోపల ఎంత భారం మోస్తున్నాడో అన్నాడు, బండి ఒరిగిన వైపే చూస్తూ. నా పనిముట్ల పెట్టెలో రసమట్టం ఉంది. అడుగున్నర పొడుగు, పసుపు రంగు. తీయలేదు.

మంగళవారం తెల్లవారకముందే వెండెల్, ఇంకో ఆరుగురూ కలిసి చవకగా పళ్ళు కట్టించుకోవడానికి మెక్సికో సరిహద్దు దాటి వెళ్ళారు. గురువారానికి వచ్చేస్తాం, శనివారం చేపకు కొత్త పళ్ళతో కూర్చుంటాం అని చెప్పి వెళ్ళారు.

డెల్బర్ట్ ఆ రెండు రోజులూ ఏం చేశాడంటే, ఏమీ చేయలేదు. పొద్దున్నే గిన్నెలో పాలు, అటుకుల్లాంటి ఆ మొక్కజొన్న రేకులు వేసుకుని తినేవాడు. పాలు గిన్నెలో ఒక పక్కకు చేరితే చెంచా ఆ పక్కకు పెట్టేవాడు. తల పల్లం వైపు ఉన్నా అలాగే పడుకున్నాడు. పడుకున్నప్పుడు చెవుల్లో హోరు వినిపించేదట. వయసు అనుకున్నాడు. రోజుకు రెండుసార్లు బయటికి వచ్చి, ఫ్రిజ్ వెనక తలుపు తీసి మంట చూసేవాడు. మంట నీలంగా, నిలకడగా ఉంది. ఉంది కాబట్టి తలుపు మూసి లోపలికి వెళ్ళేవాడు. ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీస్తే చలి పోతుందని ఆర్లిస్ అనేది. అందుకని దాని జోలికి పోలేదు. పాలు మంచుగడ్డలు నింపిన వేరే పెట్టెలో పెట్టుకున్నాడు.

బుధవారం పదింటికి లవోన్ వెళ్ళింది. లవోన్ ఆయనకంటే నాలుగేళ్ళు పెద్దది, పక్క బండి మనిషి, ఇద్దరు మొగుళ్ళను సాగనంపింది. నూడుల్సూ మాంసమూ కలిపి కాల్చిన హాట్‌డిష్ ఒక గాజుపాత్రలో పట్టుకెళ్ళింది. మా దగ్గర ఓదార్పు అంటే అదే. బల్ల మీద పెట్టి అటు తిరిగింది. పాత్ర జారుకుంటూ బల్ల చివరికి వచ్చింది. లవోన్ పొట్టతో ఆపింది.

"డెల్బర్ట్, నీ బల్ల నడుస్తోంది."

"అవును. సోమవారం నుంచి."

"సోమవారం నుంచి నడుస్తుంటే నువ్వేం చేస్తున్నావు?"

డెల్బర్ట్ ఆలోచించాడు. "దానికి అడ్డంగా కూర్చుంటున్నాను" అన్నాడు.

లవోన్ పాత్రను సింకులో పెట్టి, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించే పై అర తెరిచింది. పాల డబ్బా ఒకటి నొక్కి చూసింది. వేలు లోపలికి దిగింది. రెండోది కూడా అంతే. అట్ట మెత్తబడి, అంచుల నుంచి నీళ్ళు కారి, ఆర్లిస్ రాసిన తేదీ మీదికి పాకుతున్నాయి. మధ్యలో గడ్డ ఇంకా గట్టిగానే ఉంది. డబ్బాలో నీళ్ళు పోసి గడ్డ కట్టించే ఆ పాత పద్ధతే కాపాడింది. లవోన్ తలుపు మూసింది.

డెల్బర్ట్ చూశాడు. ముఖంలో ఏమీ మారలేదని లవోన్ తర్వాత చెప్పింది. దేనికో వరసలో నిలబడి ఉన్న మనిషి ముఖం.

"మంట వెలుగుతూనే ఉంది" అన్నాడు.

"వెలుగుతుంది. నువ్వు తలకిందులుగా నిలబడ్డా నీ గుండె కొట్టుకోదా? రా బయటికి."

బయటికి తీసుకెళ్ళి చక్రాలు చూసింది. మూడు లావు చెక్కలు మిట్ట వైపు, పల్చటిది పల్లం వైపు. ఉన్న జారును రెండింతలు చేసి పెట్టాడు. ఇదేమిటని అడిగితే, ఆవిడ రాసినట్టే పెట్టానన్నాడు. లవోన్ వంగి చక్రం పక్కన బయటికి పొడుచుకొచ్చిన చెక్క చివర చదివింది. నారింజ రంగు అక్షరాలు. కుడి. నిజమే, రాసినట్టే పెట్టాడు.

లవోన్ తర్వాత బండికి ఎదురుగా ఇరవై అడుగులు నడిచి, వెనక్కి తిరిగి, బండి అద్దం వైపు చూసింది. ఆర్లిస్ ఎప్పుడూ నిలబడే చోటు అది. అక్కడ గులకరాళ్ళు ఇంకా కాస్త అణిగి ఉంటాయని నేననుకుంటాను. అది నా ఊహ కావచ్చు.

"ఇటు రా. నా పక్కన నిలబడు."

వెళ్ళి నిలబడ్డాడు.

"ఇక్కడినుంచి కుడి ఏది?"

డెల్బర్ట్ కుడి చెయ్యి ఎత్తి చూపించాడు. ఆ చెయ్యి బండి ఎడమ చక్రాల వైపు, పల్లం వైపు చూపిస్తోంది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచాడు. ఇరవై రెండేళ్ళూ ఆ అద్దం వెనక కూర్చుని ఈ చోటును చూసినవాడు. ఈ చోటునుంచి అద్దాన్ని ఎప్పుడూ చూడలేదు.

"ఓహో" అన్నాడు.

చెయ్యి దించమని లవోనే చెప్పాల్సి వచ్చింది.

అప్పుడిక మేమంతా కుర్చీల్లోంచి లేచాం. అడక్కపోయినా లేచాం. నేను రసమట్టం తెచ్చాను. దాన్ని చూసి లవోన్ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. బండి వెనక్కి తీయించి, చెక్కలు మార్చి, మళ్ళీ ఎక్కించాం. ఎదుట లవోన్ నిలబడి అరచెయ్యి చూపింది. డెల్బర్ట్ బ్రేకు తొక్కాడు. ఫ్రిజ్‌లో బుడగ మధ్యకు వచ్చింది. మంట ఆర్పి, వెనక తలుపు తెరిచి, గాలి ఆడనిచ్చి, వాసన లేదని చూసుకుని, ఆయన మోకాళ్ళ మీద కూర్చుని గొట్టంలో గూడు కోసం వెతికాడు. మసి ఊది దులిపాడు. మళ్ళీ వెలిగించాడు. ఆ పనిలో మాత్రం చేతులు తడబడలేదు. అట్టముక్క చదివి నేర్చుకున్నవాడిలా లేడు.

కానీ ఆ రకం ఫ్రిజ్ మళ్ళీ గడ్డ కట్టించే స్థితికి రావాలంటే ఒక పగలూ ఒక రాత్రీ కావాలి. మా ఫ్రిజుల్లో సర్దుతామని ఒకరిద్దరు అన్నారు. డెల్బర్ట్ తల అడ్డంగా ఊపాడు.

"కరగడం మొదలైన చేప మళ్ళీ గడ్డలోకి పోకూడదు. ఆవిడ మాట."

"అయితే శనివారం?" అన్నారెవరో.

"ఇవాళే" అన్నాడు. సోమవారం నుంచి ఆయన తేల్చి చెప్పిన మొదటి మాట అది.

బుధవారం నాలుగింటికి ఎడారిలో చేపలు వేగాయి. బండి కిటికీకి దూరంగా, గాలి వాటు చూసి పొయ్యి పెట్టి, ఇనప మూకుడులో, ఉప్పు బిస్కెట్ల పొడి అద్ది లవోన్ వేయించింది. డెల్బర్ట్ ఒక్కో పాల డబ్బా చించి, మిగిలిన మంచు పగలగొట్టి, ముక్కలు తుడిచి అందించాడు. ఖాళీ డబ్బాలు పారేయలేదు. తేదీలు పైకి కనబడేలా బల్ల మీద వరసగా పెట్టాడు. జూలై నాలుగు. జూలై తొమ్మిది. జూలై పదకొండు రెండు. బల్ల సమంగా ఉంది. ఒక్కటీ జారలేదు.

పందొమ్మిది మందిమి తిన్నాం. క్యాబేజీ తురుమూ, వెన్న రాసిన రొట్టే ఎప్పట్లాగే. చేప ఎప్పట్లాగే ఉందని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఎలా ఉందని లవోన్ డెల్బర్ట్‌ను అడిగింది. వేడిగా ఉంది అన్నాడు. కొంచెంసేపటికి ఇంకో ముక్క వేయించుకున్నాడు. ఎవరో అందించింది కాకుండా తానే అడిగి తినడం ఆయన మాకు కనబడ్డాక అదే మొదలు. మేం ఆ సంగతి గమనించనట్టు ఉండడానికి మళ్ళీ మెడలు నొప్పి పెట్టుకున్నాం.

పొద్దు వాలే వేళకు తన కుర్చీని బండి ఎదుట ఇరవై అడుగుల దూరానికి తీసుకెళ్ళి వేసుకున్నాడు. కొండల వైపు వీపు పెట్టి, బండి వైపు తిరిగి కూర్చున్నాడు. సూర్యాస్తమయం వెనక ఉందని ఎవరూ చెప్పలేదు.

గురువారం సాయంత్రం పళ్ళవాళ్ళు వచ్చారు. కొత్త పళ్ళతో నవ్వుతూ దిగి, సంగతి విని నోళ్ళు మూశారు. అందరిలోకీ వెండెల్ ఎక్కువ బాధపడ్డాడు. పై వరస అంతా కట్టించుకున్నవాడు. డెల్బర్ట్ చెక్కల దగ్గర నిలబడి ఉంటే వెళ్ళి పట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఏడాదంతా కాచుకున్నాం. ఆ చేప కోసమే ఈ పళ్ళు కట్టించుకున్నాను, తెలుసా? ఒక్క ముక్కయినా ఉంచలేదు. ఆర్లిస్ చెక్కల మీద తప్పు రాయబట్టే గదా ఇంత జరిగింది. నా దగ్గర నల్ల రంగు డబ్బా ఉంది, ఇస్తాను. ఇప్పుడే వాటిని చెరిపేసి సరిగ్గా రాసి పెట్టు."

డెల్బర్ట్ చెక్క చివరనున్న నారింజ అక్షరాల మీద ఇసుక వేలితో తుడిచాడు.

"తప్పు లేదు వెండెల్, అవి కింద నిలబడి రాసినవి."